అన్నకు చదివి వినిపించిన పాఠాలు

మా అన్న బెంగళూరులో ఉద్యోగం మానుకుని ఊరికి వచ్చేసినప్పుడు వెంట తెచ్చుకున్నవి ఒక లాప్‌టాప్, ఒక బట్టల సంచి, తాడుతో కట్టిన అట్టపెట్టె నిండా ఇంగ్లీషు పుస్తకాలు. పావగడ బస్టాండులో నేనే ఎదురు పోయాను. రాయచెర్లు వైపు పోయే షేరాటోలో కూర్చున్నంతసేపూ ఆ పెట్టెను ఒళ్లోంచి దించలేదు. మా ఊరి దగ్గర దిగాక నా భుజం మీద చెయ్యి వేశాడు. పట్టపగలు అన్న నా భుజం పట్టుకుని నడవడం అదే మొదలు.

"మెల్లగా పో మ్మే. రోడ్డు మారినట్టుండాది," అన్నాడు.

రోడ్డు మారింది నిజమే. సోలార్ పార్కు వచ్చాక మా మట్టిబాటలన్నీ తారురోడ్లయ్యాయి. మేము చెనిక్కాయలు వేసిన చేలన్నీ కంచె లోపలికి పోయాయి. కంచె వెనక కంటికి ఆనినంత మేరా నల్లటి నీలం పలకలు. మా చేను కూడా లీజుకిచ్చాం. అన్న తల వంచుకుని, రెండో చేత్తో నల్లద్దాలు సర్దుకుంటూ నడిచాడు. ఆ పలకల మీద నుంచి వచ్చే తళుకు అతని కళ్లలో సూదుల్లా గుచ్చుకునేది.

జబ్బు చిన్నప్పటిదే. పొద్దు గూకితే చాలు, అన్న గడప తట్టుకునేవాడు. ఎదురుగా ఉన్న నీళ్లబిందెను తన్నేసేవాడు. రేచీకటి అని చెప్పి, ఆకుకూరలు పెట్టమన్నాడు మా ఊళ్లో మందులిచ్చే ఆయన. అమ్మ ఏళ్ల తరబడి మునగాకు వండింది. రోజూ తినలేక అన్న ఏడిస్తే తానూ ఏడుస్తూ పెట్టింది. తర్వాత ఎప్పుడో, అన్నకు ఉద్యోగం వచ్చాక, బెంగళూరు కంటి ఆసుపత్రిలో అసలు సంగతి చెప్పారు. ఇది ఆకుకూరలతో పోయేది కాదనీ, చూపు చుట్టూ అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుందనీ, చివరికి నడిమధ్య చిన్న గుండ్రం మిగిలి అదీ పోవచ్చనీ చెప్పారు. మీది మేనరికమా అని డాక్టరమ్మ అమ్మను అడిగింది. మా అమ్మను సొంత మేనమామకే ఇచ్చారు. అమ్మ తలూపింది. అట్లాంటి ఇళ్లల్లో ఈ జబ్బు కొంచెం ఎక్కువగా కనిపిస్తుందని డాక్టరమ్మ మామూలుగానే చెప్పింది. నాకెందుకు రాలేదని అడిగితే, అది ఎవరికి వస్తుందో చెప్పలేమంది. తిరుగుబస్సులో పావగడ దాకా అమ్మ అన్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పటికి మా నాయన పోయి చాన్నాళ్లయింది. ఉంటే ఆయనతో ఏమని ఉండేదో.

అన్న చేసిన పని సర్వర్లను చూసుకోవడం. వెబ్‌సైటు తెరిస్తే మనకు కనబడేదంతా ఎక్కడో ఒక గదిలో, రాత్రింబగళ్లు తిరుగుతుండే యంత్రాల నుంచి వస్తుందనీ, వాటికి జ్వరం రాకుండా చూసుకునే కాపలావాణ్ణి తాననీ అమ్మకు చెప్పేవాడు. ఒకసారి వాళ్ల కంపెనీ వెబ్‌సైటులోకి ఎవరో దూరారు. ఎప్పుడో వాడి వదిలేసిన పాత పేజీ ఒకటి ఎవరూ మూయకుండా అట్లాగే ఉండిపోయిందట. దాంట్లోంచి వచ్చి, నమ్మి వివరాలిచ్చిన జనం ఫోన్ నంబర్లూ చిరునామాలూ పట్టుకుపోయారు. దారి కనిపెట్టింది అన్నే. కనిపెట్టినందుకు అందరూ మెచ్చుకున్నా, అతనికి సంతోషం కలగలేదు. "పోయినంక కనిపెట్టి ఏం లాభం మ్మే," అనేవాడు ఫోనులో. అప్పటి నుంచి సర్వర్లను, వెబ్ అప్లికేషన్లను కాపాడే విద్య మీద మనసు పడింది. దొరికిన పుస్తకమల్లా కొన్నాడు. అవి సగం చదవకముందే అక్షరాలు కరగడం మొదలైంది. కంపెనీవాళ్లు పొమ్మనలేదు. చిన్న పనికి మార్చారు, ఆ తర్వాత అంతకన్నా చిన్న పనికి. చివరికి అన్నే చాలని వచ్చేశాడు.

నేను పావగడలో డిగ్రీ చేసి, అక్కడే ఒక ట్యూషన్ సెంటర్లో పొద్దున పూట పిల్లలకు కంప్యూటర్ నేర్పేదాన్ని. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేదాన్ని. అన్న వచ్చిన కొత్తలో, నేను వచ్చేసరికి నడుమింట్లో కిటికీకి అమ్మ పాతచీర అడ్డంగా కట్టి ఆ చీకట్లో కూర్చుని ఉండేవాడు. ఒకరోజు పెట్టె తాడు విప్పి, పైనున్న లావు పుస్తకం తీసి నాకు చాపాడు.

"చదువు," అన్నాడు.

"ఏంది చదివేది?"

"యాడన్నా తెరువు. నాకు మధ్యలో ఒక్క మాట కనపడతాది, పక్కమాట కనపడదు. నువ్వు చదువు, నేను ఇంటాను."

నాకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఇంగ్లీషు డిగ్రీలో పరీక్ష గట్టెక్కేంత మాత్రమే. ఆ పుస్తకంలో ఒక పేరా చదివేసరికి నోరెండిపోయింది. పలకడం రానిచోట అక్షరాలు చెప్పేదాన్ని. అన్న ఆ మాటేమిటో చెప్పి, మళ్లీ వాక్యం మొదటి నుంచి చదవమనేవాడు. విసుక్కునేవాడు కాదు. అమ్మ గడప దగ్గర కూర్చుని చెనిక్కాయలు వొలుస్తూ, అర్థం కాని ఆ భాషను వానపాటలా వింటుండేది.

కొన్నాళ్లకు ఉత్త గొంతుగా ఉండటం నాకే బాగుండలేదు. అర్థం చెప్పమన్నాను. అన్న మొహం విచ్చుకుంది. ఆ రోజు చదువుతున్నది, లాగిన్ అయిన మనిషి ఇంకొకరి వివరాలు చూడకుండా ఎట్లా ఆపాలన్న పాఠం.

"నువ్వు రేషనంగడికి పోయినావనుకో," అన్నాడు అన్న. "నీ కార్డు చూపిస్తివి. వాడు నువ్వెవరో చూసుకున్యాడు. బాగుండాది. ఇప్పుడు నువ్వు పక్కింటోళ్ల కార్డు నంబరు చెప్తివి. వాడు వాళ్ల బియ్యం తెచ్చి నీ సంచిలో పోసినాడు. తప్పెవరిది?"

"పోసినోడిది."

"అంతే. నువ్వెవరని అడిగినాడు. ఇది నీదేనా అని అడగలా. శానా వెబ్‌సైట్లు ఈడ్నే దెబ్బ తినేది."

గడప దగ్గర్నుంచి అమ్మ తలెత్తింది. "అట్లయితే ఆ అంగడోణ్ణి తీసేస్తే సరిపాయ గదప్పా?"

"మనిషిని తీసేస్తే ఏం లాభం మా? ప్రతిసారీ అడగాలనే పద్ధతి పెట్టాల. కొత్తోడు వచ్చినా అడిగేటట్ల."

అమ్మ "అదీ నిజమే," అని మళ్లీ కాయల మీదికి పోయింది.

అట్లా మా చదువు సాగింది. పుస్తకాలు అయిపోయాక ఇంటర్నెట్లో ఉచితంగా దొరికే పాఠాల మీద పడ్డాం. ఈ పని చేసేవాళ్లు ఎక్కడెక్కడివాళ్లో కలిసి, ఏయే లోపాలు ఎక్కువగా దెబ్బతీస్తున్నాయో, వాటిని ఎట్లా మూయాలో రాసి అందరికీ పెట్టేశారు. వాటి విలువ నాకు తెలిసింది గానీ, వాటి లోటు కూడా మా ఇంట్లోనే తెలిసింది. వీడియోలో పాఠం చెప్పే ఆయన మాటకు ముందు "మీరిక్కడ చూస్తున్నట్టుగా" అనేవాడు. ఇక్కడ నొక్కండి, ఇట్లా మార్చండి, ఈ ఎర్రగీత చూడండి. ప్రతిసారీ వీడియో ఆపి ఏది ఎక్కడుందో నేను చెప్పాలి. ఒకసారి ఆయన వరసగా అదే మాట అంటుంటే అన్న నవ్వేశాడు.

"ఆయప్పకు నా సంగతి తెల్దు పాపం."

నేనూ నవ్వాను. అమ్మ మాత్రం నవ్వలేదు.

తెర మీద ఉన్నది చదివి చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి అన్న తానే ఎక్కించుకున్నాడు. మొదట్లో ఆ మరగొంతు మాటలు మాకెవరికీ పట్టేవి కావు. అన్నకు మాత్రం చెవి కుదిరింది. దాని వేగం పెంచుకుంటూ పోయి, నాకు ఉత్త గరగరగా వినిపించే దాంట్లోంచి కమాండ్లు ఏరుకునేవాడు. అయినా కొన్ని సాధన పేజీలు రాతకు బదులు బొమ్మలు పెట్టేవి. వాటి మీదికి పోతే ఆ గొంతు "బటన్, బటన్, బటన్" అనేది తప్ప అది దేని బటనో చెప్పేది కాదు. అప్పుడు అన్న నన్ను పిలిచేవాడు. ఆ పిలుపు రోజురోజుకీ తక్కువ కావాలని ఇద్దరం కోరుకునేవాళ్లం.

నేర్చుకునేవాళ్ల కోసం కావాలనే లోపాలు పెట్టి తయారుచేసిన ఒక వెబ్ అప్లికేషన్ దొరికింది. దాన్ని మా ఇంట్లోనే, నేను కొన్న పాత కంప్యూటరులో పెట్టుకున్నాం. నేను లోపలికి దూరాలి, అన్న ఆపాలి. నేను పడసాలలో, తాను నడుమింట్లో. సర్వరు తనలోకి ఎవరు వచ్చిందీ ఏమి అడిగిందీ రాసుకునే లాగ్ ఫైళ్లను అన్న చెవితో వింటూ ఉండేవాడు.

"పాస్‌వర్డ్లు ఒకటెనక ఒకటి కొడతాండావు గదా మ్మే," అని లోపల్నుంచి కేకేసేవాడు. "మూసేసినా పో."

నేను ఇంకో దారి వెతికేదాన్ని. పేరు రాయాల్సిన చోట పేరు కాకుండా డేటాబేసుకే ఆజ్ఞ రాసి పంపితే, "అది పేరంట. నీ పేరేనా?" అని నవ్వేవాడు. ఒక్కోసారి నేనే గెలిచేదాన్ని. గెలిస్తే, ఎక్కడ వదిలిపెట్టాడో తేలేదాకా అన్నం తినేవాడు కాదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాడు. మనది కాని తలుపు బార్లా తెరిచి ఉన్నా చెయ్యి పెట్టకూడదు, వాళ్లు పిలిచి చూడమంటేనే చూడాలి. మా ఇంట్లో అన్ని నవ్వులు వినిపించిన కాలం మళ్లీ లేదు.

ఒక మధ్యాహ్నం అట్లాగే ఆడుకుంటున్నాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. కిటికీకి కట్టిన చీర అమ్మ ఉతకడానికి తీసింది. పలకల తళుకంతా తిన్నగా నడుమింట్లోకి పడుతోంది.

"మబ్బేసిందా మ్మే?" అన్నాడు అన్న.

నేను తలుపులోంచి అతని వైపు చూశాను. నల్లద్దాలు పక్కన పెట్టి, కిటికీకి ఎదురుగా, కళ్లు చిట్లించకుండా కూర్చుని ఉన్నాడు. వంటింట్లో అమ్మ నూరుతున్న చప్పుడు ఆగిపోయింది.

"లేదన్నా," అన్నాను.

"ఓ," అన్నాడు. కాసేపటికి, "సరే, నువ్వు కానియ్," అన్నాడు. నేను కీబోర్డు మీద చేతులు పెట్టానే గానీ ఏమీ కొట్టలేదు. అన్నకు లాగ్ ఫైల్లో ఏమీ రాలేదు. ఆ రోజు ఎవరూ గెలవలేదు. ఆ తర్వాత అమ్మ ఆ చీర మళ్లీ కట్టలేదు.

చూపు పూర్తిగా పోయాక అన్న ఇంకా పట్టుదలగా చదివాడు. ఈ విద్య వచ్చని చూపించే పరీక్ష ఒకటి ఉంది. ఇంట్లో కూర్చునే రాయొచ్చు. అది ఉంటే ఉద్యోగమిచ్చేవాళ్లు పిలుస్తారు. అన్న తన సంగతంతా రాసి అడిగితే, పరీక్ష పెట్టేవాళ్లు చదివి చెప్పే సాఫ్ట్‌వేర్ వాడుకోనిస్తామన్నారు, సమయం కూడా ఎక్కువిస్తామన్నారు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, కెమెరాలోంచి ఒకరు చూస్తూ ఉంటారు. నిబంధనలు అంతే.

పరీక్షనాడు అమ్మ తలంటింది. నేను నడుమిల్లు ఖాళీ చేసి, కెమెరా సరిగ్గా పెట్టి, బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. అమ్మా నేనూ తిన్నె మీద కూర్చున్నాం. పొరుగింటి ఆమె మాట్లాడబోతే అమ్మ నోటి మీద వేలు పెట్టింది. లోపల మరగొంతు గబగబా చదువుతోంది. కీబోర్డు టకటకలు వినిపిస్తున్నాయి. ఆ టకటకల్ని బట్టే అన్నకు పాఠం వచ్చినట్టు నాకు తెలుస్తోంది. తడబాటు లేదు.

ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. సగం సమయం కూడా కాలేదు. అన్న తలుపు తీసుకుని, గోడ పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఐపాయనా నాయనా?" అంది అమ్మ.

"వాళ్లే ఆపేసినారు మా."

ఏం జరిగిందో తర్వాత ఈమెయిల్లో తెలిసింది. నేనే చదివి వినిపించాను. అన్న కళ్లు పక్కకు తిరుగుతున్నాయని, ఎవరో పక్కనుంచి చెబుతున్నారేమోనని కెమెరాలోంచి చూస్తున్న కాపలా మనిషికి అనుమానం వచ్చింది. తెర మూలన చిన్న పెట్టెలో మాట రాసి పంపాడు. మళ్లీ పంపాడు. అన్న సాఫ్ట్‌వేర్ ఆ పెట్టెను చదవలేదు. జవాబు రాలేదని పరీక్ష ఆపేశాడు. అన్నకు ఇచ్చిన వెసులుబాటు సంగతి ఆ మనిషి దాకా చేరలేదు.

"ఏమని రాసినాడంట?" అన్నాడు అన్న.

నేను ఆ ఈమెయిల్ మూసేయబోయాను. మళ్లీ అడిగాడు.

"కెమెరా వైపు చూడండి అని."

అన్న తనలో తాను అనుకున్నట్టుగా, "యాడని చూసేది," అన్నాడు.

వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. తప్పు ఒప్పుకున్నారు, క్షమించమన్నారు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ రాయమన్నారు. నేను ఎంత చెప్పినా అన్న వినలేదు. అమ్మ బతిమాలింది. నేనొకసారి కోపంగా అరిచాను కూడా. అన్న గొంతు పెంచలేదు.

"నేర్చుకునింది యాడికీ పోదు మ్మే. ఆ గదిలో మాత్రం ఇంగొకసారి కూర్చోలేను. నీ పేరుతో నువ్వు రాయి."

"నేనా?"

"నీకు రాదా? నాకు చదివినన్నాళ్లూ నువ్వూ చదివినావు గదా."

నాకు వచ్చునని నాకే తెలియదు. రాయనన్నాను. అన్న పరీక్షకు నేను కూర్చోవడమేమిటని నెలలు గడిపాను. చివరికి అమ్మే అంది, "రాయి పాపా. వాడు నోరు తెరిచి అడిగింది అదొక్కటే." అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుని రాశాను. ఈసారి తిన్నె మీద అమ్మ పక్కన అన్న కూర్చున్నాడు. కాపలా మనిషి నన్ను కెమెరా వైపు చూడమని రాస్తే చూశాను. ఎంత తేలిక, ఆ చూడటం. ప్రశ్నలన్నీ నాకు అన్న గొంతులోనే వినిపించాయి. రేషనంగడి దగ్గరికి వచ్చేసరికి తెర మసకబారింది. ఏడుస్తున్నట్టు కనిపిస్తే ఏమంటారోనని ఊపిరి బిగబట్టుకుని రాశాను.

ప్యాసయ్యాను. బెంగళూరు కంపెనీ ఒకటి, ఇంటి నుంచే చేసుకోమని ఉద్యోగమిచ్చింది. వాళ్ల వెబ్ అప్లికేషన్లలో లోపాలు వెతికి, ఎట్లా మూయాలో రాసిచ్చే పని. అచ్చంగా అన్న చేయాలనుకున్న పని. ఆ సంగతి చెప్పినప్పుడు అన్న "మంచిది," అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టబోయి అంచనా తప్పి చెవి తాకాడు. తర్వాత అమ్మను మజ్జిగ అడిగాడు.

మొదట్లో సాయంత్రమైతే అడిగేవాడు, ఈ రోజు ఏమొచ్చింది, యాడ పట్టుకున్నావు అని. కంపెనీ లోగుట్లు చెప్పకూడదు కాబట్టి పేర్లు లేకుండా చెప్పేదాన్ని. వింటూ, అట్లా కాదు ఇట్లా చూడాల్సింది అని దిద్దేవాడు. పోను పోను అడగడం తగ్గింది. లాప్‌టాప్ మూత తెరిచే చప్పుడు కూడా తగ్గింది. ఒకరోజు పుస్తకాల పెట్టె నా ట్యూషన్ పిల్లలకు ఇచ్చేయమన్నాడు. నేను ఇవ్వకుండా అటక మీద పెట్టాను. ఇచ్చావా అని మళ్లీ అడగలేదు.

ఒకసారి ఆఫీసులో చిక్కు వచ్చింది. ఒక సర్వరులో ఎవరో తిరుగుతున్నట్టు గుర్తులున్నాయి, ఎటునుంచి వచ్చారో ఎవరికీ అంతు చిక్కడం లేదు. నా బుర్ర పనిచేయక తిన్నె మీదికి వచ్చి, ఊరూ పేరూ లేకుండా అన్నకు చెప్పాను. అన్న రెండు ప్రశ్నలడిగాడు. "వాళ్ల పాత బ్యాకప్ మిషను యాడన్నా మరిచిపోయినారేమో చూడు," అన్నాడు. సరిగ్గా అదే. పరుగున వచ్చి చెప్పాను. అతని మొహంలో వెలుగు వస్తుందని చూశాను.

"ఇంగ నన్నడగొద్దు మ్మే," అన్నాడు మెల్లగా. "అడిగితే మళ్లా ఆశ పుడతాది. పుట్టినంక దాన్ని యాడ పెట్టుకోవాలో తెల్దు."

అప్పటి నుంచి అడగలేదు. గది తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పని చేసుకుంటాను. అన్న పొద్దున పూట గొర్రెలు కాసే మా చిన్నాన్న వెంట కంచె పక్క దారిన నడిచి వస్తాడు. మధ్యాహ్నం అమ్మతో కూర్చుని కాయలు వొలుస్తాడు. రేడియోలో కన్నడ వార్తలు వింటాడు. అడిగినవాళ్లకు బాగున్నానంటాడు.

ఈ విద్య ఒకచోట నిలిచేది కాదు. నిన్న గట్టిదనుకున్న తాళం ఇవాళ పనికిరాదు. కొత్త లోపాలు, కొత్త పేర్లు, కొత్త పాఠాలు వస్తూనే ఉంటాయి. వాటిలో అన్నకు తెలియనివి ఇప్పుడు చాలా చేరాయి. అన్న ఎంత వరకు వచ్చి ఆగాడో, ఏ పాఠం దాకా విన్నాడో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. ప్రతి వారం ఆ చోటికి నేను ఇంకొంత దూరం అవుతున్నాను.

మొన్న ఒక కొత్త రకం దాడి గురించి చదివాను. చాలా తెలివైన ఎత్తు. చదవడం అయ్యేసరికి తెలియకుండానే లేచి, తలుపు తీసుకుని పడసాలలోకి వచ్చాను. అన్న కాయలు వొలుస్తున్నవాడు చేతులాపి, నా అడుగుల చప్పుడు వైపు మొహం తిప్పాడు.

"ఏంది మ్మే?"

"ఏం లేదన్నా. నీళ్లకొచ్చినా."

కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచుకుని తాగాను. అన్న మళ్లీ చాటలోకి చెయ్యి పెట్టాడు. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.